వెనిగర్ నీళ్లలో పాదాలు నానబెట్టడం: ఎలా చేయాలి, దేనికి పనికిరాదు

పాదాల వాసన పోవాలంటే వెనిగర్ ఎంత కలపాలి? రోజూ చేయొచ్చా? గోటి ఫంగస్ తగ్గుతుందా? మడమల పగుళ్లకు మంచిదేనా? ఈ నాలుగు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాదాల వాసనకు ఇది కొంత పనిచేస్తుంది. మొరటు చర్మం మెత్తబడుతుంది కానీ అందులో ఎక్కువ పని వేడినీళ్లదే. వేళ్ల సందుల్లో ఫంగస్‌కు దీన్నే మందుగా నమ్ముకోకండి. గోటి ఫంగస్‌ను ఇది నయం చేయదు. షుగర్ ఉన్నవాళ్లు అసలు చేయకండి. ఈ ఐదు మాటలూ ఒప్పుకుంటేనే కింద రాసిన పద్ధతి మీకు ఉపయోగపడుతుంది.

ఎవరు చేయకూడదు

దీన్ని చివర్లో పెడితే చాలామంది అంతదాకా చదవరు, అందుకే ముందే పెడుతున్నాను.

షుగర్ వ్యాధి ఉన్నవాళ్ల పాదాల్లో నరాలు మొద్దుబారి ఉండొచ్చు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో, చర్మం ఎక్కడ మండుతోందో తెలియదు. అలాంటి పాదానికి తెలియకుండా అయిన చిన్న గాయం పెద్ద పుండుగా మారుతుంది. అందుకే వెనిగర్ సంగతి పక్కన పెట్టినా, మామూలు నీళ్లలో కూడా పాదాలు ఎక్కువసేపు నానబెట్టవద్దని వైద్యులు వాళ్లకు చెబుతారు. "నాకు స్పర్శ బాగానే తెలుస్తోంది" అనుకోవడం చాలదు. స్పర్శ నెమ్మదిగా, మనకు తెలియకుండానే తగ్గిపోతుంది.

కాళ్లకు రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్లు, వేరే కారణాల వల్ల పాదాలు తిమ్మిరెక్కి మొద్దుబారినవాళ్లు కూడా దూరంగా ఉండాలి. పాదాల మీద ఎగ్జిమా, సోరియాసిస్ ఉంటే చర్మ వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకండి. పుండు, తెరుచుకున్న గాయం, పచ్చి పొక్కు, రక్తం కనిపించేంత లోతైన పగులు ఉంటే అది మానేదాకా ఆగండి. చిన్నపిల్లల చర్మం పల్చగా ఉంటుంది, వాళ్లకు ఈ ప్రయోగం వద్దు.

కావలసినవి

- మామూలు వెనిగర్. సీసా మీద ఎసిటిక్ ఆమ్లం 4 నుంచి 5 శాతం అని ఉండాలి. తెల్లదైనా, ఆపిల్ సైడర్ అయినా ఒకటే. పాదాల మీద పనిచేసేది ఆ ఆమ్లమే. సైడర్ సీసా అడుగున ఉండే మడ్డి వల్ల పాదాలకు అదనంగా ఒరిగేదేమీ లేదు.
- రెండు పాదాలూ చీలమండల దాకా మునిగే ప్లాస్టిక్ టబ్బు. అల్యూమినియం పాత్ర వద్దు, ఆమ్లం దాన్ని తింటుంది.
- కొలత ఉన్న మగ్గు లేదా సీసా. కళ్లతో చూసి అంచనాగా పోయకండి.
- గోరువెచ్చని నీళ్లు. థర్మామీటర్ ఉంటే 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య చూసుకోండి.
- శుభ్రమైన తువ్వాళ్లు రెండు. ఒకటి పాదాలకు, రెండోది వేళ్ల సందులకు.
- వాసన లేని మాయిశ్చరైజర్. మడమలు బాగా మొరటుగా ఉంటే 10 శాతం యూరియా ఉన్న క్రీము బాగా పనిచేస్తుంది.
- గడియారం లేదా ఫోన్‌లో టైమర్.

వెనిగర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇల్లు శుభ్రం చేయడానికి అమ్మే వెనిగర్‌లో ఆమ్లం ఎక్కువ శాతం ఉండొచ్చు. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం అయితే దాదాపు నూటికి నూరు పాళ్లూ ఆమ్లమే, చర్మాన్ని కాల్చేస్తుంది. సీసా మీద శాతం రాసి లేకపోతే దాన్ని పాదాలకు వాడకండి.

ఎంత కలపాలి

తొలిసారి ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు. అంటే అర లీటరు వెనిగర్, 2 లీటర్ల నీళ్లు. 5 శాతం వెనిగర్‌తో ఇలా కలిపితే టబ్బులో ఆమ్లం 1 శాతం అవుతుంది. వారం రోజులు ఇబ్బంది ఏమీ లేకపోతే, అవసరమనిపిస్తే, ఒక వంతుకు రెండు వంతుల నీళ్ల దాకా వెళ్లొచ్చు. అప్పుడు ఆమ్లం 1.7 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంతకు మించి చిక్కన వద్దు. ఘాటు పెరిగితే ఫలితం పెరగదు, మంట పెరుగుతుంది.

పలచగా కలిపాను కాబట్టి ఏమీ కాదని కూడా అనుకోకండి. 2019లో ఒక చర్మవైద్య పత్రికలో వచ్చిన చిన్న అధ్యయనంలో 22 మందితో 14 రోజుల పాటు, రోజుకు 10 నిమిషాలు, ఒక చేతిని సైడర్ వెనిగర్ నీళ్లలో, రెండో చేతిని మామూలు నీళ్లలో నానబెట్టించారు. ఆమ్లం అర శాతమే. అయినా 22 మందిలో 16 మందికి వెనిగర్ వల్ల చర్మానికి కొద్దిపాటి ఇబ్బంది కలిగింది. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మానికి దానివల్ల మేలూ కనిపించలేదు. చేతి చర్మం కంటే అరికాలి చర్మం మందం, నిజమే. కానీ పాదం పైభాగం, వేళ్ల సందులు పల్చనివే కదా.

చేసే పద్ధతి

1. ఒక రోజు ముందు పరీక్ష చేయండి. పైన చెప్పిన పాళ్లలో కొద్దిగా కలిపి, దూది ముంచి, పాదం పైన రూపాయి బిళ్లంత చోట 10 నిమిషాలు ఉంచి కడిగేయండి. మర్నాటికి ఎర్రబడినా, దురద పెట్టినా ఇది మీకు పడదు.

2. నానబెట్టే ముందు పాదాలను మంచి వెలుతురులో చూసుకోండి. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోండి లేదా ఫోన్‌తో ఫొటో తీయండి. వేళ్ల సందులు విడదీసి చూడండి. తెగినట్టు, చెమ్మగా, పచ్చిగా ఉంటే ఈ రోజుకు మానేయండి. అంతకుముందు రోజు షేవింగ్, వ్యాక్సింగ్ చేసినా ఆగండి.

3. పాదాలను మామూలు సబ్బుతో కడగండి. మట్టి, చెమట పోనివ్వకుండా నానబెడితే ఆ మురికిలోనే నానుతాయి.

4. టబ్బులో ముందు గోరువెచ్చని నీళ్లు పోసి, తర్వాత కొలిచిన వెనిగర్ పోసి కలపండి. గదిలో గాలి ఆడాలి. నేల పాలరాయి అయితే టబ్బు కింద మందపాటి గుడ్డ పరవండి. చిందితే రాయి మీద మచ్చ పడుతుంది.

5. మోచేతితో వేడి చూడండి. అరచేయి వేడికి అలవాటు పడి ఉంటుంది, దాన్ని నమ్మకండి. మోచేతికి హాయిగా ఉంటేనే పాదాలు పెట్టండి.

6. తొలిసారి 10 నిమిషాలు, తర్వాత 15 నిమిషాలు. టైమర్ మోగగానే తీసేయండి. మధ్యలో చురుక్కుమంటే ఓర్చుకోకండి, వెంటనే తీసి మంచినీళ్లతో బాగా కడగండి. "మంట పుడితే పనిచేస్తున్నట్టు" అన్న మాట తప్పు. మంట అంటే చర్మం దెబ్బతింటోందని అర్థం.

7. మడమలు మొరటుగా ఉంటే ఇప్పుడు ప్యూమిస్ రాయితో ఒకే దిశలో, తేలిగ్గా కొన్నిసార్లు రుద్దండి. బ్లేడుతో చెక్కకండి. నానిన చర్మం ఎంత లోతుగా తెగిందో ఆ క్షణంలో తెలియదు.

8. మంచినీళ్లతో కడగండి. ఆమ్లం చర్మం మీదే ఆరనివ్వడం వల్ల లాభం లేదు, మర్నాటికి పొరలు లేస్తాయి.

9. తుడవండి. ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఒక్కో వేలినీ విడదీసి, సందులో తువ్వాలు కొన దూర్చి, రుద్దకుండా అద్దండి. తర్వాత ఐదు నిమిషాలు గాలికి వదిలేయండి. వేళ్లు బాగా దగ్గరదగ్గరగా ఉన్నవాళ్లు చల్లని గాలి మీద పెట్టిన హెయిర్ డ్రయర్ వాడొచ్చు, వేడి గాలి వద్దు.

10. అరికాళ్లకు, మడమలకు మాయిశ్చరైజర్ రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి.

వాడిన నీళ్లు పారబోయండి. రేపటికి దాచకండి, ఇంకొకరు అదే టబ్బులో కాళ్లు పెట్టకూడదు. టబ్బును సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

ఎన్నిసార్లు? మొదటి వారం రోజు విడిచి రోజు. పడితే రెండో వారం రోజుకొకసారి. ఆ తర్వాత వారానికి ఒకటి రెండు సార్లు చాలు. నెలల తరబడి రోజూ చేస్తే చర్మం ఎండి పగులుతుంది.

అందరూ చేసే తప్పులు

బ్లీచ్ కలపడం. ఇది తప్పు కాదు, ప్రమాదం. ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్‌లో వెనిగర్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు అది. అంతకుముందు బ్లీచ్ వేసి కడిగిన బకెట్‌ను సరిగ్గా కడగకుండా ఇందుకు వాడినా అదే ఇబ్బంది. ఒకవేళ కలిసి ఘాటు వాసన వస్తే వెంటనే గది బయటికి వెళ్లిపోండి. దగ్గు, ఆయాసం ఉంటే వైద్య సాయం తీసుకోండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కలపకండి, రెండూ కలిస్తే చర్మాన్ని, కళ్లను మండించే ఇంకో ఆమ్లం తయారవుతుంది.

వంటసోడా కలపడం. బుసబుస పొంగుతుంది, చూడటానికి ఏదో గొప్పగా జరుగుతున్నట్టు ఉంటుంది. నిజానికి సోడా ఆమ్లాన్ని చంపేస్తోంది. పొంగు ఆగేసరికి మీ టబ్బులో మిగిలేది కాస్త ఉప్పదనం ఉన్న నీళ్లే. హాని లేదు కానీ, వెనిగర్ దండగ.

గంటసేపు నానబెట్టడం. ఎక్కువసేపు నానితే చర్మం తెల్లబడి, ముడతలు పడి, మెత్తగా చిట్లిపోయే స్థితికి వస్తుంది. అలా పాచిన చర్మంలోంచే సూక్ష్మజీవులు సులువుగా లోపలికి వెళతాయి. ఏ ఫంగస్‌కు భయపడి మొదలుపెట్టారో దానికే దారి తెరిచినట్టవుతుంది.

వెనిగర్‌లో ముంచిన దూదిని వేలికి చుట్టి కట్టుకట్టి రాత్రంతా ఉంచడం. పులిపిర్లకు, ఆనెకాయలకు ఇలా చేస్తారు. నీళ్లు కలపని వెనిగర్ గాలాడకుండా చర్మానికి అంటుకుని ఉంటే చర్మం కాలుతుంది, మచ్చ మిగులుతుంది. అరికాలి పులిపిరికి సాలిసిలిక్ ఆమ్లం మందు ఉంది, అది వాడండి.

నీళ్లు మారిన రంగు చూసి "శరీరంలోని విషం బయటికి వచ్చింది" అనుకోవడం. అరికాలి నుంచి విషాలు బయటికి రావు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. నీళ్ల రంగు మురికిది, రాలిన చర్మానిది, సైడర్ వెనిగర్ అయితే దాని సొంత రంగుది.

ఇంకొకటి, చిన్నదిగా కనిపించే పెద్ద తప్పు: శుభ్రంగా ఆరిన పాదాలను తిరిగి పాత చెమట బూట్లలో పెట్టడం. దీని గురించి కింద వాసన దగ్గర చెబుతాను.

ఏ సమస్యకు ఎంత ఆశించాలి

వాసన. చెమటకు దానికదే పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా చెమటలోని పదార్థాలను విడగొట్టినప్పుడు ఐసోవేలరిక్ ఆమ్లం లాంటివి పుడతాయి, ఆ కంపు వాటిదే. వెనిగర్ చర్మాన్ని మరింత ఆమ్లంగా మార్చి ఆ బ్యాక్టీరియాకు ఇబ్బంది కలిగిస్తుంది. అయితే ఆ బ్యాక్టీరియా బూట్లలోనూ ఉంటుంది. ఒకే జత రోజూ తొడగకండి, వాడిన జతకు కనీసం 24 గంటలు ఆరే సమయం ఇవ్వండి. సాక్సులు రోజూ మార్చండి. ఇవి చేయకుండా వెనిగర్ ఒక్కటే వాడితే వాసన రెండు రోజుల్లో తిరిగొస్తుంది. ఇవి రెండూ చేస్తే కొందరికి వెనిగర్ అవసరమే పడదు. నన్నడిగితే ముందు వీటితో మొదలుపెట్టమంటాను.

చెమట. వెనిగర్ చెమటను ఆపదు. అరికాళ్లు ఎప్పుడూ తడిగా ఉండేవాళ్లు రాత్రి పొడి పాదాలకు అల్యూమినియం క్లోరైడ్ ఉన్న యాంటీపెర్స్‌పిరెంట్ రాసుకుని చూడొచ్చు. అయితే నానబెట్టిన రాత్రే వద్దు, చర్మం మండుతుంది.

అరికాళ్ల మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, విపరీతమైన వాసన. ఇది పిట్టెడ్ కెరటోలిసిస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. ఫంగస్ అనుకుని నెలల తరబడి ఫంగస్ క్రీములు రాసేవాళ్లున్నారు. దీనికి వైద్యులు చర్మం మీద రాసే యాంటీబయాటిక్ ఇస్తారు, బాగా తగ్గుతుంది.

వేళ్ల సందుల్లో దురద, పొట్టు, చీలికలు. ఎక్కువగా ఇది ఫంగస్, ముఖ్యంగా ట్రైకోఫైటాన్ రుబ్రమ్ అనేది. ప్రయోగశాలలో ఆమ్లం ఫంగస్‌ను అణచవచ్చు కానీ, పాదం మీద వెనిగర్ దీన్ని నయం చేస్తుందని నమ్మదగ్గ రుజువు లేదు. నిరూపితమైన మందులు సులువుగా దొరుకుతాయి. టెర్బినాఫిన్ 1 శాతం క్రీము సాధారణంగా ఒకటి రెండు వారాలు, క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము నాలుగు వారాల దాకా వాడతారు. దురద ఆగగానే ఆపకండి, పైకి తగ్గినట్టున్నా ఫంగస్ ఇంకా ఉంటుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీములను వైద్యుడు చెప్పకుండా రాయకండి. అవి దురదను తగ్గించి ఫంగస్‌ను లోలోపల పెంచుతాయి. క్రీము వాడుతున్న రోజుల్లో వెనిగర్ ఆపేయండి, రెండూ కలిస్తే మంట దేనివల్లో తెలియదు.

గోటి ఫంగస్. వెనిగర్ నీళ్లు గోటి పలకలోంచి దిగి కింద ఉన్న ఫంగస్‌ను చేరలేవు. దీనికి నోటి ద్వారా టెర్బినాఫిన్ సాధారణంగా 12 వారాలు ఇస్తారు, అది కూడా వైద్యుడి పర్యవేక్షణలోనే. అన్నిటికంటే ముందు అది ఫంగసేనని తేల్చుకోవాలి. దెబ్బ తగిలినా, బూటు ఒరుసుకున్నా, సోరియాసిస్ ఉన్నా గోరు అలాగే మందపడి పచ్చబడుతుంది. గోటి ముక్క కత్తిరించి పరీక్షకు పంపితే తెలుస్తుంది.

ఆకుపచ్చగా మారిన గోరు. ఇక్కడ మాత్రం వెనిగర్‌కు గట్టి స్థానం ఉంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల గోరు అలా మారుతుంది, దానికి ఎసిటిక్ ఆమ్లం పడదు. ఊడివచ్చిన గోటి భాగాన్ని కత్తిరించి, వెనిగర్ నీళ్లలో నానబెట్టమని వైద్యులే చెబుతారు. గోరు పొడిగా ఉంచడం కూడా అంతే ముఖ్యం.

మడమల పగుళ్లు. వెనిగర్ ఇక్కడ దాదాపు అనవసరం. గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు, తుడిచిన వెంటనే యూరియా క్రీము, పైన కాటన్ సాక్సులు. రెండు వారాలు ఇలా చేసి చూడండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

మొదలుపెట్టే రోజే ఫొటోలు తీయండి. అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు. వారానికొకసారి అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీయండి. రోజూ చూసుకునే కంటికి మార్పు తెలియదు.

వాసనకు పరీక్ష: సాయంత్రం తీసిన సాక్సులను ఇంట్లో ఇంకొకరికి చూపించి అడగండి. మన వాసన మనకు అలవాటైపోయి ఉంటుంది. ఒకేసారి బూట్లు, సాక్సులు, వెనిగర్ అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి వారం బూట్లు, సాక్సులు, రెండో వారం వెనిగర్ అని విడదీసి చూడండి.

గోటికి చూడాల్సింది కొన కాదు, మొదలు. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మొదలు దగ్గర కొత్త గోరు శుభ్రంగా, పల్చగా వస్తూ ఆ హద్దు నెలనెలా ముందుకు జరుగుతుంటే నయమవుతున్నట్టు. మీరు అరగదీసినందువల్ల పైన నునుపుగా కనిపిస్తే అది లెక్కలోకి రాదు.

వాసనకు రెండు వారాల్లో తేడా లేకపోతే ఆపేయండి. మూడో వారం పొడిగించినందువల్ల వచ్చేది పొడి చర్మమే.

ఎప్పుడు వైద్యుడి దగ్గరికి

ఎరుపు రోజురోజుకీ పైకి పాకుతుంటే, పాదం వేడిగా ఉబ్బితే, చీము వస్తే, జ్వరం వస్తే అదే రోజు వెళ్లండి. ఇది చర్మం లోపలి పొరల ఇన్ఫెక్షన్ కావచ్చు, నీళ్లలో నానబెడితే తగ్గదు. ఫంగస్ క్రీము నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే వెళ్లండి. పుండు రెండు వారాల్లో మానకపోయినా అంతే. షుగర్ ఉన్నవాళ్లు రెండు వారాలు కాదు, పుండు కనిపించిన రోజే చూపించాలి.

గోటి కింద కొత్తగా నల్లటి గీత లేదా మచ్చ కనిపించి, దెబ్బ తగిలిన గుర్తు లేకపోతే, గోరు పెరిగినా అది ముందుకు జరగకుండా అక్కడే ఉంటే, ఇంట్లో ఏ వైద్యమూ చేయకండి. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో బయటపడింది కాలి బొటనవేలి గోటి కింద వచ్చిన ఈ జబ్బే. ఆయన 1981లో 36 ఏళ్లకే చనిపోయారు. ఇలాంటి గీతలు చాలావరకు హానిలేనివే అయినా, చర్మ వైద్యుడు చూసి తేల్చాల్సిందే. వెళ్లేటప్పుడు మీరు వారం వారం తీసిన ఫొటోలు చూపించండి, మచ్చ కదిలిందో లేదో వాటిలో తెలుస్తుంది.